షుగర్ చూపించుకోడానికి శ్రీకాకుళం వస్తే

టెక్కలి, పలాస నుంచి తొలి బస్సుకి వచ్చినా సాయంత్రం దాకా కూర్చోబెట్టేది ఎక్కువగా డాక్టరు కాదు, రక్తపరీక్ష. లోపలికెళ్లాక "పరీక్ష చేయించుకు రండి" అంటే మళ్లీ వరస మొదలు. అందుకే కిందటిసారి చూపించినప్పుడే తర్వాతి పరీక్షలు చీటీ మీద రాయించుకోండి.

రాత్రి భోజనమయ్యాక 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. బస్టాండులో టీ అసలే వద్దు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. దిగగానే పేరు రాయించి, పరగడుపు రక్తం ఇచ్చేయండి. తర్వాత టిఫిను, రోజూ వేసుకునే మాత్ర. మొదటి ముద్ద తిన్న టైము రాసుకోండి. అప్పట్నుంచి సరిగ్గా 2 గంటల తర్వాత రెండో రక్తం. ఆ రెండు గంటలూ డాక్టరు దగ్గర మీ వరస నంబరు కూడా నడుస్తూనే ఉంటుంది. మాత్ర మానేసి ఈ రెండో రక్తం ఇస్తే మాత్రం రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది.