ఆర్‌వీలో లేక్ టాహో: ముందు చోటు, తర్వాతే బండి

బే ఏరియాలోని తెలుగు కుటుంబాలు వేసవిలో మూడు నాలుగు రోజులు విడిది చేయడానికి సౌత్ లేక్ టాహో చాలా అనువైన ఊరు. సియెర్రా నెవాడా కొండల మధ్య, సుమారు 6,225 అడుగుల ఎత్తున, 1,645 అడుగుల లోతున్న సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఉంటుంది. వంటిల్లు, పడకలు, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఆర్‌వీలో వెళ్తే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకూ చంటిపిల్లలకూ హాయి. చాలామంది చేసే పొరపాటు ఒక్కటే: ముందు పెద్ద బండి మాట్లాడుకుని, తర్వాత అది పట్టే చోటు కోసం వెతుకుతారు. జులైలో అలా వెతికితే దొరకదు. చోటు ఖాయమయ్యాకే బండి చూడండి.

చోటు ఎంచుకోవడం

జూన్ చివరి వారం నుంచి సెప్టెంబరు సగం వరకు మంచి కాలం. జులై 4, లేబర్ డే వారాంతాలు మాత్రం వదిలేయండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో అడవి మంటల పొగ రావచ్చు. 2021లో కాల్డోర్ మంటల వల్ల ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. అందుకే డబ్బు వాపసు నియమాలు చదివాకే బుక్ చేయండి.

క్యాంప్‌గ్రౌండ్లలో రెండు రకాలున్నాయి. అటవీ శాఖకు చెందిన ఫాలెన్ లీఫ్‌లో చెట్ల నీడ, ప్రశాంతత దొరుకుతాయి కానీ హుకప్ ఉండదు. అంటే బండికి కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం తగిలించే ఏర్పాటు లేదు. ఊళ్లోని టాహో వ్యాలీ, నెవాడా వైపున్న జెఫిర్ కోవ్‌లలో పూర్తి హుకప్ దొరుకుతుంది, అద్దె ఎక్కువ. మొదటిసారి వెళ్తున్నా, పెద్దవాళ్లు వెంట ఉన్నా హుకప్ ఉన్నదే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు.

ఫాలెన్ లీఫ్ బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో ఆరు నెలల ముందు తెరుస్తారు. జులై 10న చేరాలంటే జనవరి 10న ఉదయం 7 గంటలకల్లా లాగిన్ అయి ఉండాలి. నచ్చిన మూడు నాలుగు సైట్ల (బండి నిలిపే చోట్ల) నంబర్లు ముందే రాసిపెట్టుకోండి. ప్రతి సైటుకీ ఎంత పొడవు బండి పడుతుందో రాసి ఉంటుంది. ఆ అంకెను బట్టే బండిని ఎంచుకోవాలి.

బండి

నలుగురైదుగురికి 25 అడుగుల సీ క్లాస్ మోటార్‌హోమ్ చాలు. కాలిఫోర్నియాలో మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. డ్రైవరు తల మీదుండే పడక ఎక్కడం పెద్దవాళ్లకు కష్టం, దాన్ని పిల్లలకిచ్చి వెనక మంచం పెద్దలకివ్వండి. బండి నడుస్తున్నంతసేపూ అందరూ బెల్టు పెట్టుకోవాల్సిందే. అందుకే పడకలతో పాటు బెల్టులున్న సీట్లు ఎన్నో కూడా అడగండి.

అద్దెకు తోడు మైలుకింత, జనరేటరు గంటకింత అని విడిగా వేస్తారేమో కనుక్కోండి. గ్యాలనుకు 8 నుంచి 10 మైళ్లే వస్తుంది. ఫ్రీమాంట్ నుంచి రానూపోనూ దాదాపు 400 మైళ్లు కాబట్టి 40 నుంచి 50 గ్యాలన్ల పెట్రోలు లెక్కేసుకోండి.

తీసుకునేటప్పుడు లోపలా బయటా వీడియో తీయండి. స్టవ్, ఫ్రిజ్, హీటరు, నీళ్ల పంపు వెలిగించి చూడండి. బండి ఎత్తు కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. 11, 12 అడుగుల బండిని డ్రైవ్ త్రూ కప్పు కింద ఇరికించుకునేవాళ్లు అది మరిచిపోయినవాళ్లే.

దారి

సాక్రమెంటో దాటాక 50వ నంబరు హైవే. ప్లాసర్‌విల్‌లో పెట్రోలు నింపుకోండి. పోయించుకునేటప్పుడు ప్రొపేన్ (బండిలోని వంటగ్యాస్) వాల్వు కట్టేయాలి. ప్లాసర్‌విల్ సుమారు 1,870 అడుగుల ఎత్తు, దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ ఎకో సమ్మిట్ సుమారు 7,380. ఆ ఎక్కుడులో బండి నెమ్మదిస్తుంది, కంగారు పడొద్దు. వెనక కార్లు పోగైతే పక్కన ఆపుకునే చోట్లలో దారివ్వండి. నీళ్ల ట్యాంకు నిండుగా మోసుకెళ్లొద్దు. 40 గ్యాలన్లంటే దాదాపు 150 కిలోలు. దారిలో టాయిలెట్‌కు పది గ్యాలన్లు చాలు, మిగతావి క్యాంపులో నింపుకోవచ్చు.

సమ్మిట్ దాటగానే మేయర్స్ వైపు ఏటవాలు దిగుడు. తిరుగు ప్రయాణంలో ప్లాసర్‌విల్ దాకా దిగుడు ఇంకా పొడవు. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించి, టో హాల్ బటన్ (దిగుడులో గేరును తక్కువలోనే నిలిపేది) ఉంటే నొక్కండి. బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గాక వదిలి, మళ్లీ అవసరమైనప్పుడు తొక్కాలి.

శుక్రవారం సాయంత్రం ఈ దారి కిక్కిరిసిపోతుంది. గురువారం పొద్దున్నే బయల్దేరితే వెలుతురుండగానే చేరి బండి నిలబెట్టుకోవచ్చు. కారులో నాలుగు గంటల దారి ఆర్‌వీలో అయిదు పడుతుంది.

క్యాంపులో మొదటి అరగంట

ఒకరు కిందికి దిగి వెనకాలా పైనా చూస్తూ చెప్తేనే రివర్స్ చేయండి. చెట్టు కొమ్మలు కెమెరాలో కనిపించవు. చక్రాల కింద దిమ్మెలు పెట్టి బండిని సమం చేయండి. చాలా అద్దె బండ్లలో ఉండే గ్యాస్ ఫ్రిజ్ వాలుగా ఉంటే చల్లబడదు, పాడవుతుంది కూడా. తర్వాత చక్రాలకు అడ్డు పెట్టండి.

కరెంటు తగిలించే ముందు స్తంభం దగ్గర బ్రేకరు ఆపి, ప్లగ్గు పెట్టాకే వేయండి. 30 ఆంప్స్ కనెక్షన్ అంటే అంతా కలిపి 3,600 వాట్లే. ఇండక్షన్ స్టవ్ 1,800, మైక్రోవేవ్ 1,500 లాగుతాయి. ఈ రెంటికీ రైస్ కుక్కర్ తోడైతే ట్రిప్ అవుతుంది. నీళ్లకు తాగునీటి గొట్టమే వాడండి, కుళాయి దగ్గర ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి.

జులైలోనూ రాత్రి 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగొచ్చు. మంచు కట్టే రాత్రుల్లో బయటి గొట్టం విప్పేయండి. హుకప్ లేని చోట హీటరు ఫ్యాను తెల్లారేసరికి బ్యాటరీని ఖాళీ చేస్తుంది. మందపాటి దుప్పట్లు తెచ్చుకుని హీటరును తక్కువలో పెట్టండి. జనరేటరును రాత్రి వేయనివ్వరు. ఈ ఎత్తులో దాని శక్తి సుమారు ఐదో వంతు తగ్గుతుంది కూడా.

ట్యాంకులు

నీళ్లు ధారాళంగా వాడే మన అలవాటు ఇక్కడ ఒక చోట మేలు చేస్తుంది, ఒక చోట ఇబ్బంది పెడుతుంది. టాయిలెట్ ట్యాంకులో నీళ్లెంత ఎక్కువ పడితే అంత మంచిది. అందుకే చెంబు వాడకం దానికి మేలే. స్నానాల, గిన్నెల నీళ్లు పడే గ్రే ట్యాంకు మాత్రం 25 నుంచి 30 గ్యాలన్లే. నలుగురు మామూలుగా స్నానం చేస్తే ఒక్క పూటలో నిండుతుంది. ఒళ్లు తడిపి, కుళాయి కట్టి, సబ్బు రుద్ది, మళ్లీ తెరవాలి. క్యాంపులో స్నానాల గదులుంటే అక్కడే కానివ్వండి.

హుకప్ ఉన్నా టాయిలెట్ వాల్వు మూసే ఉంచండి. తెరిచి వదిలితే నీళ్లు పోయి గట్టిది లోపలే కుప్ప పడుతుంది. మూడింట రెండొంతులు నిండాక వదలండి. ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు: సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. చేతి తొడుగులు తప్పనిసరి. టాయిలెట్ పేపరు ఆర్‌వీ కోసం చేసినదే వాడాలి.

వంట, ఎలుగుబంట్లు

ఈ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి. మూత పెట్టి ఉడికిస్తే పప్పు ఎంతకీ మెత్తబడదు, ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. కందిపప్పు గంట నానబెట్టి, ఇంట్లో నాలుగు విజిళ్లయితే ఇక్కడ అయిదు రానివ్వండి. ఇడ్లీ పిండి చలికి పులవదు, ఇంట్లోనే పులియబెట్టి తెచ్చుకోవాలి. పోపు బయట బల్ల మీద పెట్టుకోండి, లోపల పెడితే పొగ అలారం మోగుతుంది. మంటలపై నిషేధం ఉన్న రోజుల్లో ఏ స్టవ్వులకు అనుమతి ఉందో క్యాంపు ఆఫీసులో అడగండి. కట్టెలు ఇంటి నుంచి తేవద్దు, వాటితో చెట్లను తినే పురుగులొస్తాయి. అక్కడే కొనండి.

నల్ల ఎలుగులు తిండి వాసన పట్టి వస్తాయి. ఆవకాయ సీసా, ఎంగిలి పళ్లెం, టూత్‌పేస్ట్ కూడా బయట వదలొద్దు. ఇనుప పెట్టె ఉంటే అందులో పెట్టి గడియ వేయండి. బయటికెళ్లేటప్పుడు బండి కిటికీలన్నీ మూయండి.

ఊరు చూడటం

ఎమరాల్డ్ బే చూడాల్సిందే, కానీ ఆర్‌వీతో కాదు. 89వ నంబరు రోడ్డు సన్నం, మలుపులు తీవ్రం, పార్కింగ్ చిన్నది. రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఒక మామూలు కారు వెంట తెచ్చుకోవడం అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు. పొద్దున 8 లోపే చేరండి. అక్కడి నుంచి 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ భవనం దాకా మైలు దిగుడు. తిరిగి ఎక్కాల్సింది 500 అడుగులు, గాలి పలుచన, కాబట్టి పెద్దవాళ్లను పైనే కూర్చోబెట్టండి. సరస్సులో ఉన్న ఒకే ఒక్క దీవి, ఫానెట్, పై నుంచే బాగా కనిపిస్తుంది.

నీళ్లు ఎండాకాలంలోనూ చల్లనే. పిల్లలకు లైఫ్ జాకెట్ వేసి ఒడ్డు దగ్గరే ఆడించండి.

బయల్దేరే రోజు ట్యాంకులు రెండూ ఖాళీ చేసి, గొట్టాలు, వైరు విప్పి, పై కిటికీలు, ఆనింగ్ (బండి పక్కన చాపే నీడ గుడ్డ), మెట్టు మూశారో లేదో బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. అప్పగించేటప్పుడు ట్యాంకు మీటర్లు, మైళ్ల అంకె, పెట్రోలు ముల్లు ఫోటో తీసి ఉంచుకోండి.