లింక్డ్ డేటా ఏపీఐ: ఇందిరానగర్‌లో పాసై మెజెస్టిక్‌లో పడిపోకుండా

బెంగళూరు మెట్రో స్టేషన్ల వివరాలు జేసన్-ఎల్‌డీలో (లింక్డ్ డేటాని, అంటే ఐడీలతో ఒకదానికొకటి ముడిపడిన డేటాని, జేసన్‌లో రాసే పద్ధతి) ఉన్నాయి, వాటి మీద జావాస్క్రిప్ట్ లైబ్రరీ రాస్తున్నారు అనుకుందాం. "స్టేషన్.లైన్" అని అడిగితే ఇందిరానగర్‌కి ఒక స్ట్రింగ్ వస్తుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది పర్పుల్ లైన్ ఒక్కటే. మెజెస్టిక్‌లో పర్పుల్, గ్రీన్ రెండూ కలుస్తాయి కాబట్టి అదే ప్రశ్నకి అరే (విలువల జాబితా) వస్తుంది. జేసన్-ఎల్‌డీని కుదించి రాసే కాంపాక్ట్ రూపం తీరే అంత. స్ట్రింగే వస్తుందని నమ్మి స్ప్లిట్ పిలిచిన కోడ్ అక్కడ కూలుతుంది.

విరుగుడు కాంటెక్స్ట్‌లోనే, అంటే ఏ పొట్టి పేరుకి (టర్మ్‌కి) ఏ అర్థమో చెప్పే భాగంలోనే ఉంది: "లైన్" టర్మ్‌కి "@కంటైనర్" దగ్గర "@సెట్" అని రాస్తే, ఒక్క విలువ ఉన్నా అరేయే వస్తుంది. ఏపీఐలో కూడా రెండు మెథడ్లు పెట్టండి. ఒకటి ఎప్పుడూ అరేనే ఇవ్వాలి. రెండోది ఒకే విలువ ఇవ్వాలి, ఎక్కువ కనిపిస్తే ఎర్రర్ వేయాలి. మొదటి విలువ చేతికిచ్చి మిగతావి మింగేసే మెథడ్ మాత్రం వద్దే వద్దు. ఆ బగ్ నెలల తరబడి బయటపడదు.

"పక్కస్టేషన్" లాంటి లింకు టర్మ్‌కి "@టైప్" దగ్గర "@ఐడీ" అని రాయడం మరవకండి. రాయకపోతే యూఆర్‌ఎల్ ఉత్త స్ట్రింగ్‌గా మిగులుతుంది, ఎర్రరూ రాదు. కాంటెక్స్ట్‌లో లేని టర్మ్ సంగతి ఇంకా ఘోరం: ఎక్స్‌పాండ్ చేసేటప్పుడు, అంటే పొట్టి పేర్లని పూర్తి యూఆర్‌ఎల్‌లుగా విప్పేటప్పుడు, చడీచప్పుడు లేకుండా ఎగిరిపోతుంది. "పక్కస్టేషన్"లో ఒక అక్షరం తప్పినా ఇంతే. డెవలప్‌మెంట్ మోడ్‌లో ఇన్‌పుట్ కీలన్నీ కాంటెక్స్ట్‌తో పోల్చి, లేనిదాన్ని గట్టిగా చెప్పేలా చేయండి.

ఇందిరానగర్ పక్కన హలసూరు, హలసూరు పక్కన ఇందిరానగర్. ఆబ్జెక్టులో ఆబ్జెక్టు దూర్చుకుంటూ పోతే జేసన్.స్ట్రింగిఫై సర్క్యులర్ ఎర్రర్ ఇస్తుంది. నోడ్లన్నీ (ఇక్కడ స్టేషన్లన్నీ) ఐడీ వారీగా ఒక మ్యాప్‌లో ఉంచండి, నోడ్ లోపల పక్కవాటి ఐడీలే దాచండి, అడిగినప్పుడు మ్యాప్‌లోంచి తీసివ్వండి.

ఐడీల పోలిక అక్షరం అక్షరం జరుగుతుంది. స్కీమా.ఆర్గ్ (అందరూ వాడుకునే ప్రాపర్టీ పేర్ల జాబితా) ముందు ఒకచోట హెచ్‌టీటీపీ, మరోచోట హెచ్‌టీటీపీఎస్ ఉంటే అవి రెండు వేర్వేరు ప్రాపర్టీలు. లోడ్ చేసేటప్పుడే ఒకటిగా మార్చేయండి. "_:బీ0" లాంటి బ్లాంక్ నోడ్ పేర్లు (సొంత ఐడీ లేని నోడ్లకి పెట్టే తాత్కాలిక పేర్లు) డేటాబేస్‌లోకి పోనివ్వకండి, మళ్ళీ లోడ్ చేస్తే మారిపోవచ్చు.

స్టేషన్ పేర్లకి "@కంటైనర్" దగ్గర "@లాంగ్వేజ్" ఇచ్చి, మెథడ్‌కి భాషల వరుస పంపనివ్వండి: తెలుగు, లేకపోతే కన్నడ, అదీ లేకపోతే ఇంగ్లీషు. ఇక బయటి కాంటెక్స్ట్ ఫైలుని రిక్వెస్ట్ రిక్వెస్ట్‌కీ తెచ్చుకోకండి. కాపీ ఒకటి ప్రాజెక్టులో పెట్టి, సొంత డాక్యుమెంట్ లోడర్‌తో (కాంటెక్స్ట్ ఫైలు తెచ్చిపెట్టే ఫంక్షన్‌తో) అక్కడి నుంచే చదవండి. లేదంటే అవతలి సర్వర్ పడుకున్న రోజు మీ సైటూ పడుకుంటుంది.