ద్రవ్యవేగంలో మార్పు: జవాబు ఎక్కడ తప్పుతోంది?

సమస్య: బంతి వెనక్కి తిరిగే లెక్కల్లో ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) మార్పుకు జవాబు మరీ చిన్నదిగానో, సున్నాగానో వస్తోంది.

160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చింది. బ్యాటర్ దాన్ని నేరుగా బౌలర్ వైపే 40 మీటర్ల వేగంతో కొట్టాడు. చాలామంది 40 లోంచి 30 తీసేసి, 0.16 × 10 = 1.6 అని రాసేస్తారు. అలా రాస్తే బంతి వెనక్కి తిరగలేదని, అదే దిక్కులో వికెట్ల వైపు ఇంకా జోరుగా వెళ్లిందని చెప్పినట్టే.

కారణం: దిశతో కూడిన వేగం బదులు దిశ లేని వడితో లెక్క చేయడం. ద్రవ్యవేగం సదిశ రాశి, దిశ వదిలేస్తే దానికి అర్థమే లేదు.

పరిష్కారం: సంఖ్యలు వేయకముందే ఒక బాణం గీసి, ఏ దిశ ధనమో రాసుకోండి. బౌలర్ వైపు ధనం అనుకుంటే తొలి వేగం −30, తుది వేగం +40. మార్పు 0.16 × [40 − (−30)] = 11.2 కి.గ్రా.మీ./సె. తప్పు జవాబుకు ఏడు రెట్లు!

గోడకు లంబంగా తగిలి అదే వడితో తిరిగొచ్చే బంతిదీ ఇదే కథ. అక్కడ మారనిది గతిజశక్తి, ఎందుకంటే దానికి దిశ లేదు. ద్రవ్యవేగం మాత్రం 2 × ద్రవ్యరాశి × వడి అంత మారుతుంది. మల్టిపుల్ చాయిస్ పేపర్లలో సున్నా కూడా ఒక ఆప్షన్‌గా ఉంటుంది, టెన్షన్‌లో చెయ్యి దాని మీదికే పోతుంది.

సమస్య: సంఖ్య సరిపోయింది, గుర్తు తారుమారైంది.

తొలి దాంట్లోంచి తుది తీసేసి ఉంటారు. ఎప్పుడూ తుది మైనస్ తొలి. లేదా ప్రశ్న గోడకు అందిన ద్రవ్యవేగం అడిగితే మీరు బంతిది రాసి ఉంటారు. ఆ రెండూ సమానమే, దిశలే వ్యతిరేకం.

సమస్య: బంతి వాలుగా తగిలినప్పుడు సైన్ వాడాలో కొసైన్ వాడాలో తేలడం లేదు.

నున్నటి గోడ అయితే గోడ వెంబడి ఉన్న అంశం (వేగంలో ఆ దిశలోని భాగం) మారదు, లంబాంశం ఒక్కటే తిరగబడుతుంది. కోణం లంబంతో ఇస్తే కొసైన్, గోడతో ఇస్తే సైన్. అర కిలో బంతి 10 మీ./సె. వడితో, లంబంతో 60° కోణంలో తగిలి అదే వడితో తిరిగితే మార్పు 2 × 0.5 × 10 × 0.5 = 5. అనుమానం వస్తే, బంతి గోడను రాసుకుంటూ పోతున్నట్టు ఊహించండి. అప్పుడు మార్పు దాదాపు సున్నా రావాలి. మీ సూత్రం అలా ఇవ్వకపోతే కోణం తప్పు తీసుకున్నట్టే.

సమస్య: బలం నమ్మలేనంతగా వస్తోంది.

యూనిట్లు చూడండి. గ్రాములను 1000తో భాగించాలి, గంటకు కిలోమీటర్లను 5/18తో గుణించాలి (144 అంటే 40 మీ./సె.). పై క్రికెట్ బంతి బ్యాట్‌ను 2 మిల్లీసెకన్లు తాకిందనుకుంటే సగటు బలం (ద్రవ్యవేగ మార్పు ÷ తాకిన కాలం) 11.2 ÷ 0.002 = 5600 న్యూటన్లు. మిల్లీ మర్చిపోతే 5.6 వస్తుంది, అది సుమారు 570 గ్రాముల వస్తువు బరువు మాత్రమే.