ఆఫీసు మీటింగ్‌లో ధైర్యంగా మాట్లాడటం ఎలా? చదువుకునే రోజుల్లోనే మొదలుపెట్టండి

ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు కాలేజీల నుంచి ఎందరో విద్యార్థులు ఇంటర్న్‌షిప్ కోసం మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకు వస్తుంటారు. పని బాగానే చేస్తారు. మీటింగ్‌లో "పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే మాత్రం గొంతు పెగలదు. ఇంగ్లిష్ రాకపోవడమే కారణం అనుకుని అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరతారు. చేరడం మంచిదే. కానీ అసలు చిక్కు భాష కన్నా ముందే ఉందని నా నమ్మకం. చేసిన పనిని నాలుగు ముక్కల్లో చెప్పడం మనకు ఎవరూ నేర్పలేదు. పరీక్షలు రాశాం, వైవాలో అడిగినదానికి జవాబిచ్చాం, అంతే.

మొదటి అడుగు: రోజుకో నిమిషం

చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రోజూ ఒక స్టాండప్ మీటింగ్, అంటే ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న సమావేశం, ఉంటుంది. టీములు పని నడుపుకునే స్క్రమ్ అనే పద్ధతి ప్రకారం దానికి ఇచ్చే సమయం గరిష్ఠంగా 15 నిమిషాలు. టీమ్‌లో ఎనిమిది మంది ఉంటే మనిషికి రెండు నిమిషాలు కూడా రావు. మామూలుగా చెప్పాల్సినవి మూడే: నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను.

మీ కాలేజీ ప్రాజెక్టు మీద రోజూ సాయంత్రం ఈ మూడూ చెప్పుకోండి. "లాగిన్ పేజీ పూర్తయింది. రేపు దాన్ని డేటాబేస్‌కి కలుపుతాను. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల సంగతి ఇంకా తేలలేదు, గైడ్‌ని అడగాలి." ముందు తెలుగులో, ఆ తర్వాత అదే ఇంగ్లిష్‌లో. తెలుగులోనే తడబడుతున్నారంటే విషయం మీకే ఇంకా స్పష్టంగా లేదన్నమాట. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "యాక్చువల్లీ", "బేసిక్‌గా", "అంటే" ఎన్నిసార్లు వచ్చాయో చూసుకోండి. ఆ మాట రాబోతున్నప్పుడు ఒక్క క్షణం ఆగితే చాలు. యాస మార్చుకోవాల్సిన పని లేదు, వేగం తగ్గించండి.

రెండో అడుగు: డౌట్ అడగడం

అన్నిటికన్నా ఎక్కువ సాధన కావాల్సింది దీనికే. క్లాసులో "డౌట్స్ ఉన్నాయా?" అంటే తల దించుకునే అలవాటు బడి నుంచే వస్తుంది. ఆఫీసులో మీరు మౌనంగా ఉంటే అర్థమైందనే అనుకుంటారు. మూడు రోజుల తర్వాత పని తప్పుగా వస్తే ఇద్దరికీ ఇబ్బంది.

"సార్, అర్థం కాలేదు" అంటే ఎదుటివాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇలా అడిగి చూడండి: "ఫైల్ అప్‌లోడ్ చేస్తే ఎర్రర్ వస్తోంది. సైజు తగ్గించి చూశాను, మళ్లీ అదే. ఇది పర్మిషన్ సమస్యా?" ఏం చేశారు, ఏం జరిగింది, ఏం కావాలి అనేవి మూడూ అందులో ఉన్నాయి. ఇలా అడిగేవాళ్లను ఎవరూ తక్కువగా చూడరు, శ్రద్ధ ఉందని గుర్తిస్తారు. పని అప్పగించినప్పుడు విన్నది తిరిగి చెప్పండి: "శుక్రవారంలోగా మొదటి డ్రాఫ్ట్ చాలు, అంతేనా మేడమ్?" చాలా ఆఫీసుల్లో పేరు పెట్టే పిలుచుకుంటారు. మొదట్లో నోరు రాకపోతే కంగారు వద్దు, టీమ్‌లో మిగతావాళ్లు ఎలా పిలుస్తున్నారో చూసి అలాగే పిలవండి.

ఆలస్యమయ్యేలా ఉంటే గడువు రోజు దాకా దాచకండి. తెలిసిన రోజే చెప్పండి, ఎప్పటికి ఇవ్వగలరో కూడా చెప్పండి. చాట్‌లో "హాయ్ సార్" అని పంపి జవాబు కోసం కాచుకోవద్దు. అదే మెసేజ్‌లో విషయం రాసేయండి.

మూడో అడుగు: నలుగురి ముందు నిలబడటం

ఒంటరిగా ఎంత సాధన చేసినా మనుషుల ముందు వచ్చే టెన్షన్ వేరు. అది పోవాలంటే మనుషుల ముందే మాట్లాడాలి. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇందుకోసమే ఉన్నాయి. రాల్ఫ్ స్మెడ్లీ 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో మొదలుపెట్టిన ఈ పద్ధతి హైదరాబాద్‌లోనూ చాలాచోట్ల నడుస్తోంది. సభ్యత్వానికి 18 ఏళ్లు నిండాలి, ఫీజు ఉంటుంది. ముందు అతిథిగా వెళ్లి చూడవచ్చు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే భాగం ఒకటి ఉంటుంది. తడబాటు మాటలు లెక్కపెట్టడానికి ఒకరు, సమయం చూడటానికి ఒకరు ఉంటారు.

ఫీజు భారమైతే హాస్టల్ గదిలో ఐదారుగురు కూర్చోండి. చీటీలు వేసి అంశం తీయండి. ఒకరు నిలబడి మాట్లాడాలి, ఒకరు టైమ్ చూడాలి, ఒకరు వాళ్లు బాగా చేసిన రెండు విషయాలు, మార్చుకోవాల్సిన ఒకటి చెప్పాలి. వెక్కిరింత వద్దని మొదటి రోజే గట్టిగా అనుకోండి. ఒక్క నవ్వుతో ఏడాదిపాటు నోరు మూసుకున్నవాళ్లు ఉంటారు.

మొత్తం బట్టీ పట్టకండి. మధ్యలో ఒక్క మాట మర్చిపోతే అంతా ఆగిపోతుంది. మొదటి వాక్యం మాత్రం నోటికి రావాలి. లేచే ముందు ఊపిరి నెమ్మదిగా బయటికి వదలండి. చేతులు వణికినా ఫర్వాలేదు, చాలామంది గమనించరు.

హైదరాబాద్ టీముల్లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ కలగలిసి నడుస్తాయి. తెలుగు రానివాళ్లు పక్కనే ఉంటే పని సంగతులు వాళ్లకు తెలిసిన భాషలో మాట్లాడండి, తప్పులొచ్చినా సరే.

ఇంటర్న్‌షిప్‌లో చేరిన రెండు వారాలకు మీ మెంటర్‌ని "నేనెలా చేస్తున్నాను?" అని అడగకండి, "బాగుంది" అనేస్తారు. "మొన్నటి మీటింగ్‌లో నేను చెప్పినదాంట్లో మీకు ఏ ముక్క అర్థం కాలేదు?" అని అడగండి. వచ్చిన జవాబు రాసిపెట్టుకుని, మర్నాటి మీటింగ్‌లో ఆ ఒక్క విషయాన్నే సరిచేయండి.