హాకీ జట్టును చదవడం – మూడో పాఠం: 16 పేర్ల జాబితా

గత రెండు పాఠాల్లో మ్యాచ్ చూస్తూ ఏం గమనించాలో నేర్చుకున్నాం. ఈసారి మ్యాచ్‌కు ముందే చేసే పని. జట్టును ప్రకటించిన రోజు వచ్చే పేర్ల జాబితా చూసి, సెలెక్టర్ల ఆలోచన ఏమిటో, జట్టుకు ఎక్కడ దెబ్బ తగలవచ్చో చెప్పగలగాలి. ఓడిపోతున్న జట్టును అభిమానించేవాళ్లకు ఇది మరీ అవసరం. ఓడిన మర్నాడు ఎక్కడ చూసినా ఒకటే మాట వినిపిస్తుంది: "సీనియర్లందరినీ తీసేయండి, కుర్రాళ్లను ఆడించండి." ఆ మాటలో న్యాయం ఎంతుందో జాబితానే చెబుతుంది.

ఉదాహరణకు భారత పురుషుల జట్టునే తీసుకుందాం. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హతే సాధించలేకపోయింది. 2012లో లండన్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడి 12వ స్థానంలో, అంటే చిట్టచివర నిలిచింది. తర్వాత టోక్యోలో కాంస్యం, 2024లో పారిస్‌లో మళ్లీ కాంస్యం. అట్టడుగు నుంచి లేచిన జట్టు కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఒక కాగితం తీసుకోండి. ఒలింపిక్స్‌కైతే 16 పేర్లు, మిగతా పెద్ద టోర్నీలకు సాధారణంగా 18. పేపర్లో డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు అని విడదీసి ఇస్తారు. ఆ విభజనతో ఆగిపోకండి. ప్రతి పేరు పక్కన అతను మైదానంలో చేసే పనులు రాయండి. మన పెనాల్టీ కార్నర్‌కు (గోల్ ముందు ఎదుటివాళ్లు తప్పు చేస్తే మనకు దొరికే గోల్ అవకాశం) బంతిని లోపలికి పంపేది ఎవరు, ఆపేది ఎవరు, ఆ బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొట్టేది ఎవరు? అవతలివాళ్ల కార్నర్‌కు గోల్ లైన్ నుంచి అందరికంటే ముందు దూసుకెళ్లే ఫస్ట్ రషర్ ఎవరు? ఇప్పుడు ఒక్కో పనికీ రెండో మనిషి పేరు రాయండి. రెండో పేరు దొరకని చోట చుట్టూ గీత గీయండి. ఎన్ని గోల్స్ కొడతారన్న లెక్క కంటే ఆ గీతలే నాకు ముఖ్యం.

పారిస్ జాబితాతో చేసి చూడండి. అమిత్ రోహిదాస్ పేరు డిఫెండర్లలో ఉంటుంది. పనులు రాస్తే మూడు వస్తాయి: డిఫెన్స్, ఫస్ట్ రషర్, ప్రధాన ఫ్లిక్కర్ హర్మన్‌ప్రీత్ సింగ్ లేనప్పుడు డ్రాగ్ ఫ్లిక్. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ రెండో క్వార్టర్‌లో అతనికి రెడ్ కార్డ్ పడింది. మిగతా మ్యాచ్ అంతా పది మందితో ఆడి 1–1తో నిలబెట్టి, షూటౌట్‌లో 4–2తో గెలిచారు. ఆ రోజు గోల్‌కీపర్ శ్రీజేశ్ ఆట ఎప్పటికీ మరచిపోలేం. కానీ రోహిదాస్‌కు ఒక మ్యాచ్ నిషేధం పడటంతో జర్మనీతో సెమీఫైనల్‌కు అతను లేడు. 2–3తో ఓడాం. ఓటమికి అదొక్కటే కారణమని నేను అనను. కానీ ఒక్క పేరు పోతే మూడు పనులు పోతాయన్న సంగతి జట్టు ప్రకటించిన రోజే కాగితం మీద కనిపించేది.

గోల్‌కీపర్ సంగతి మరీ కఠినం. 16 మందిలో ఇద్దరు కీపర్లకు చోటివ్వడం కష్టం. అందుకే పారిస్‌కు శ్రీజేశ్ ఒక్కడే జాబితాలో ఉన్నాడు, కృష్ణ పాఠక్ రిజర్వ్‌గా వెళ్లాడు. మహిళల జట్టులో సవిత వెనక ఏళ్ల తరబడి రెండో కీపర్‌గా నిలిచిన మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమరపును తలచుకోండి. అలాంటివాళ్లు ఆడే మ్యాచ్‌లు తక్కువే అయినా, వాళ్లను సిద్ధంగా ఉంచని జట్టు మొదటి కీపర్ రిటైరైన రోజు కూలబడుతుంది.

రెండో పని, ప్రతి పేరు పక్కన పుట్టిన సంవత్సరం రాయడం. టోక్యో జాబితా దీనికి చక్కగా పనికొస్తుంది. ఎస్.వి.సునీల్, రమణ్‌దీప్, ఆకాశ్‌దీప్ వంటి అనుభవజ్ఞులైన ఫార్వర్డ్‌లకు చోటు దక్కలేదు. అభిమానులకు బాధ కలగడం సహజమే. కానీ వెనక వరుస చూడండి: 1988లో పుట్టిన శ్రీజేశ్, 1990లో పుట్టిన డిఫెండర్లు రూపిందర్, లక్రా అలాగే ఉన్నారు. అంటే ముందు వరుసను కుర్రాళ్లకిచ్చి, వెనక వరుసలో పెద్దవాళ్లను నిలిపారు. నా దృష్టిలో ఇది సరైన పద్ధతి. ఫార్వర్డ్‌కు వయసుతో పాటు వేగం తగ్గుతుంది. వెనక ఉన్నవాడికి ఎదుటివాళ్ల ఆట ముందుగా పసిగట్టే నేర్పు ఏటికేడు పెరుగుతుంది. కాబట్టి "సీనియర్లందరినీ తీసేయండి" అన్నవాళ్లను "ఏ వరుసలో?" అని అడగండి.

మరి ఆ కుర్రాళ్లు ఎక్కడివాళ్లు? 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచకప్ గెలిచిన జట్టు పేర్లు పక్కన పెట్టుకోండి. హర్మన్‌ప్రీత్, మన్‌దీప్, సుమిత్, నీలకంఠ శర్మ, గుర్జంత్, వరుణ్, సిమ్రన్‌జీత్. ఏడుగురూ టోక్యోలో ఉన్నారు. సిమ్రన్‌జీత్ మొదట అదనపు ఆటగాడే. కోవిడ్ వల్ల ఆసారి నిబంధన సడలించి అదనపు ఆటగాళ్లనూ మ్యాచ్‌ల్లో ఆడనిచ్చారు. జర్మనీపై 5–4తో గెలిచిన కాంస్య పోరులో అతనే రెండు గోల్స్ కొట్టాడు. జూనియర్ కప్పు నుంచి ఒలింపిక్ పతకానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. ఆ మధ్యలో ఓల్ట్‌మన్స్, మారీన్, హరేంద్ర సింగ్, రీడ్ అంటూ కోచ్‌లు మారుతూనే ఉన్నారు. 2018 ప్రపంచకప్‌లో క్వార్టర్స్‌లో ఓడగానే, ఆ కుర్రాళ్లను జూనియర్లుగా గెలిపించిన హరేంద్రనే తప్పించారు. అది తొందరపాటని ఇప్పటికీ నమ్ముతాను. అదృష్టం ఏమిటంటే కోచ్‌లు మారినా ఆటగాళ్ల గుంపును చెదరగొట్టలేదు.

మూడోది, వరుస ఓటములను చదవడం. 2025 జూన్‌లో ప్రో లీగ్ (పెద్ద జట్లు ఆడే అంతర్జాతీయ లీగ్) యూరప్ మ్యాచ్‌ల్లో మనవాళ్లు వరుసగా ఏడు ఓడారు. చాలామందికి టెన్షన్ పెరిగింది, మళ్లీ పాత నినాదమే. స్కోర్లు చూడండి. మొదటి ఆరూ ఒక్క గోల్ తేడాతోనే పోయాయి. ఒక్క గోల్‌తో పదేపదే ఓడే జట్టుకు, ఐదు గోల్స్‌తో ఓడే జట్టుకు ఇచ్చే మందు ఒకటి కాదు. మొదటిదాని జబ్బు సాధారణంగా చివరి క్వార్టర్‌లోనో, వాడుకోని కార్నర్లలోనో, బెంచ్ మీదో ఉంటుంది. అలాంటి జట్టును మొత్తంగా విప్పేస్తే ఉన్న బలం కూడా పోతుంది. సెప్టెంబర్‌లో రాజ్‌గీర్‌లో కొరియాను 4–1తో ఓడించి ఆసియా కప్ గెలిచి, 2026 ప్రపంచకప్‌కు అర్హత తెచ్చుకున్నారు. సంతోషమే. కానీ ఆసియా కప్ గెలుపుతో కాగితం మీది గీతలు చెరిగిపోవు. రిటైరైన శ్రీజేశ్ తర్వాత గోల్‌లో నమ్మకం, హర్మన్‌ప్రీత్ పక్కన అతనంత భరోసా ఇచ్చే ఫ్లిక్కర్ – ఈ రెండింటికీ బెల్జియం, నెదర్లాండ్స్ స్థాయి జట్లతో ఆడినప్పుడే జవాబు తేలాలి.

ఇంటిపని: ఈసారి ప్రకటించే జట్టుకు ఇదే కాగితం తయారుచేయండి. ముందు పనులు, తర్వాత రెండో పేర్లు, తర్వాత పుట్టిన సంవత్సరాలు. ఎవరిని తీయాలో చివరగా రాయండి. ఒక్క పేరే రాయాలి, దాని పక్కనే అతని పనులన్నీ ఎవరు చేస్తారో కూడా రాయాలి. నాలుగో పాఠంలో ఆ కాగితం పట్టుకుని మ్యాచ్ చూస్తాం, చివరి క్వార్టర్‌లో కోచ్ ఎవరిని బెంచ్ మీద ఉంచాడో గమనిద్దాం.