ఉద్యోగం చేస్తూ సొంత సాఫ్ట్‌వేర్: కోడ్‌లో మొదటి లైను రాయకముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పగలు ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక సొంత సాఫ్ట్‌వేర్. ఇలా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది కస్టమర్లు ఎలా దొరుకుతారని. నేను ముందు అడిగేది వేరు. మీరు కోడ్ రాస్తున్న ఆ లాప్‌టాప్ ఎవరిది?

ఆఫీసు ఇచ్చినదైతే ఈ రాత్రికే ఆపేయండి. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును కూడా సాహిత్య రచనగానే చూస్తుంది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఉద్యోగమిచ్చిన కంపెనీయే. ఇది నా సొంతం అని రేపు చెప్పుకోవలసి వస్తే ఆఫీసు యంత్రం, ఆఫీసు ఈమెయిలు, ఆఫీసు డబ్బు కట్టిన ఏఐ సాధనం, అన్నీ మీకు ఎదురు సాక్ష్యాలే. పాతదైనా సరే సొంత యంత్రం కొనుక్కోండి. కోడ్ దాచే ఖాతా, డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా), సర్వర్ అన్నీ సొంత ఈమెయిలు మీద, సొంత కార్డు మీద ఉండాలి.

తరువాత బీరువాలోంచి నియామక పత్రం తీసి, ఇతర వ్యాపకాల గురించి, మేధోసంపత్తి గురించి రాసిన పేరాలు రెండుసార్లు చదవండి. కాలిఫోర్నియాలో సొంత సమయంలో, సొంత పరికరాలతో, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేకుండా చేసుకున్న ఆవిష్కరణను లేబర్ కోడ్ 2870వ సెక్షన్ ఉద్యోగికే వదిలేస్తుంది. మన దేశంలో అలాంటి సెక్షన్ లేదు, సంతకం పెట్టిన కాగితమే ఆధారం. పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదని స్నేహితులు ధైర్యం చెబుతారు. అది ఉద్యోగం మానేశాక సంగతి. జీతం తీసుకుంటున్నంతకాలం ఆ షరతు బలంగానే ఉంటుంది. 2022లో పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తొలగించింది.

కాబట్టి రాతపూర్వకంగా అనుమతి అడగండి. అడిగితే అనుమానిస్తారేమోనన్న భయం నాకు తెలుసు. ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూనే తొలి ఆపిల్ కంప్యూటర్‌ను రూపొందించాడు. దాన్ని ముందు తన కంపెనీకే చూపించాడు. వాళ్లు వద్దన్నాకే 1976లో ఆపిల్ దారి పట్టాడు. మీ కంపెనీ వద్దంటే ఆ విషయం ఇప్పుడే తెలియడం మంచిది. రెండేళ్ల రాత్రులు పోశాక తెలిస్తే ఆ నష్టం పూడదు.

అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లకు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. కంపెనీలో వాటా ఉండటం వేరు, దానికి పనిచేయడం వేరు. ప్రత్యేక అనుమతి లేకుండా సొంత కంపెనీకి రాత్రిపూట కోడ్ రాసినా అది అనధికార పనే అవుతుంది. ఆదాయం లేదు కదా అని ధీమా పడవద్దు. ముందు వలస న్యాయవాదిని కలవండి.

ఇక కస్టమర్ల సంగతి. నేను మొదట ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చాను. ఒక ఉదయం ఆఫీసు మీటింగులో ఉండగా ల్యాబు నుంచి వరసగా ఆరు ఫోన్లు. బయటికి వచ్చి ఎత్తితే, "సార్, బిల్లు తెల్లకాగితంలా వస్తోంది, పన్నెండు మంది వరుసలో నిలబడ్డారు" అన్నాడు కౌంటరులో కుర్రాడు. నలభై నిమిషాలు సర్వరు రాసుకునే రికార్డుల్లో తప్పు కోసం వెతికాను. చివరికి తేలింది, ప్రింటరులో థర్మల్ కాగితపు (వేడికి అక్షరాలు తేలే కాగితం) చుట్టను తిరగేసి పెట్టారు. పూత ఉన్న వైపే అక్షరాలు పడతాయి. తప్పు నా కోడ్‌లో లేదు, కానీ ఆ నలభై నిమిషాలు నా ఉద్యోగానివి.

అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే. పగటిపూట ఆగితే జనం వరుసలో నిలబడిపోయే పనులు మీ మొదటి ఉత్పత్తిగా వద్దు. ఆసుపత్రి కౌంటరు, హోటల్ బిల్లింగ్, టికెట్లు పక్కన పెట్టండి. ట్యూషన్ సెంటరు ఫీజుల లెక్క, అపార్ట్‌మెంటు నెలవారీ మెయింటెనెన్సు లాంటివి సాయంత్రం దాకా ఆగగలవు. సహాయం దొరికే వేళలు ఒప్పందంలోనే రాయండి. తరచూ వచ్చే ఇబ్బందులు ఒక పేజీలో తెలుగులో రాసి, బొమ్మతో సహా కౌంటరు గోడకు అంటించి రండి. నాకు అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు తగ్గించింది ఆ కాగితమే.

డబ్బు దగ్గర తొందరపడి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టవద్దు. రూపాయి వ్యాపారం లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు, వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో దానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుం పడుతుంది. డైరెక్టరుగా మీ పేరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మొదట్లో సొంత పేరు మీద వ్యాపారం, దానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా చాలు. సేవలు అందించేవారికి తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటాకే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఆదాయపు పన్ను మాత్రం మొదటి రూపాయి నుంచీ లెక్క చూపాలి. వ్యాపార ఆదాయం ఉంటే జీతగాళ్లు నింపే ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు. టీడీఎస్ (ముందే కోసుకున్న పన్ను) పోగా కట్టవలసిన పన్ను 10,000 రూపాయలు, అంతకు మించి ఉంటే ముందస్తు పన్ను వాయిదాలు కూడా ఉంటాయి.

క్లౌడ్ ఖాతా (అద్దె సర్వరు ఖాతా) తెరిచిన రోజే ఖర్చు హెచ్చరిక పెట్టండి. పాస్‌వర్డుల్లాంటి రహస్య కీలను కోడ్‌లో రాసి అందరికీ కనిపించే చోట పెట్టకండి. కస్టమర్ల వివరాలు అవసరమైనంతే తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా రాసి ఉంది.

నిద్ర తగ్గించి ఎక్కువకాలం నడపలేరు. వారంలో మూడు రాత్రులు చాలు, ఆదివారం ఇంటివాళ్లది. భార్యకో భర్తకో మొదటే చెప్పి, నెలకు ఎంత ఖర్చు పెట్టబోతున్నారో కలిసి తేల్చుకోండి.

ఇంకొక చిన్న పని ఉంది. డొమైన్, సర్వరు, బ్యాంకు ఖాతా వివరాలు, మీ బదులు చూడగల ఒక మిత్రుడి ఫోన్ నంబరు, ఇవన్నీ కాగితం మీద రాసి కవరులో పెట్టి బీరువాలో ఉంచండి. నాకు డెంగీ వచ్చి తొమ్మిది రోజులు మంచం మీద ఉన్నప్పుడు మా ఆవిడ ఆ కవరు తీసి మిత్రుడికి ఫోన్ చేసింది. గడువు తీరబోతున్న డొమైన్‌ను అతనే రెన్యూ చేయించాడు.