సిడ్నీ నుంచి వులంగాంగ్ వెళ్తున్నారా? ఎడమవైపు కూర్చోండి

సిడ్నీ సెంట్రల్‌లో సౌత్ కోస్ట్ లైన్ రైలెక్కితే వులంగాంగ్‌కు సుమారు గంటన్నర. పై అంతస్తులో, రైలు వెళ్లే దిశకు ఎడమవైపు సీటు పట్టండి. వాటర్‌ఫాల్ దాకా ఊళ్లే. ఆ తర్వాత అడవి, స్టాన్‌వెల్ పార్క్ దగ్గర్నుంచి సముద్రం, అన్నీ అటే. తిరుగు ప్రయాణంలో కుడివైపు.

సముద్రం అంచున సాగే రోడ్డు వంతెన సీ క్లిఫ్ బ్రిడ్జి (665 మీటర్లు) చూడాలంటే కోల్‌క్లిఫ్‌లో దిగి నడవాలి. చాలామంది తప్పేది ఇక్కడే: ఫాస్ట్ రైళ్లు అక్కడ ఆగవు. ఆగే రైలు చూసుకునే ఎక్కండి. వంతెన మీద ఫుట్‌పాత్ సముద్రం వైపు ఉంటుంది. వెనక్కి రాకుండా దక్షిణంగా నడిచి స్కార్‌బరోలో మళ్లీ రైలెక్కొచ్చు.

టికెట్ కొననక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చాలు. ఎక్కేటప్పుడు కార్డు ట్యాప్ చేసి, దిగేటప్పుడు ఫోన్ పెడితే మాత్రం రెండు వేర్వేరు ప్రయాణాలుగా లెక్కేసి గరిష్ఠ చార్జీ లాగేస్తుంది. శుక్ర, శని, ఆదివారాల్లో రోజువారీ చార్జీ పరిమితి తక్కువ. కానీ వారాంతాల్లోనే ట్రాక్ పనులు జరిగి రైలు బదులు బస్సులు వేస్తుంటారు. ముందురోజు రాత్రే చూసుకోండి.

హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడి ఈ దారిలోదే. స్టేషన్ పక్కనే ఉండదు, పిల్లాపాపలతో అయితే కారే నయం.

వులంగాంగ్ దాటి ఇదే లైన్‌లో కయామా దాకా వెళ్తే, అక్కడి బ్లోహోల్ (అలలు కొట్టినప్పుడు నీళ్లు పైకి చిమ్మే రాతి రంధ్రం) అన్నివేళలా ఎగజిమ్మదు. అలలు ఆగ్నేయం నుంచి వస్తేనే దాని అసలు ఆట.